పీహెచ్‌డీ రెండో ఏడు, కొత్త కాపురం, మొదటి కాన్పు: ఏ పని ఎప్పుడు, ఎవరికి ముందు చెప్పాలి?

కాలమ్_క్రోమటోగ్రఫీ
అందరికీ నమస్తే. ఆర్గానిక్ సింథసిస్‌లో పీహెచ్‌డీ, రెండో ఏడు చివర్లో ఉన్నాను. సీఎస్‌ఐఆర్ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తోంది. ఇల్లు హబ్సిగూడ, ఆయన ఉద్యోగం హైటెక్ సిటీలో. ఇప్పుడు ఏడో వారం. మూడో నెల నిండేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో అంటున్నారు, కాబట్టి గైడ్‌కు ఇంకా చెప్పలేదు. ల్యాబ్‌లో ఏవి మానాలి? సెలవు పెడితే ఫెలోషిప్ ఆగుతుందా? సీనియర్ ఫెలోషిప్‌కు (ఎస్‌ఆర్‌ఎఫ్) అప్‌గ్రెడేషన్ ఏమవుతుంది? పుట్టిల్లు ఖమ్మం, కాన్పుకు అక్కడికే రమ్మంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్యూమ్‌హుడ్
వీటిలో రేపటిదాకా కూడా ఆగకూడనిది ల్యాబ్ సంగతి. బిడ్డ గుండె, వెన్ను, మెదడు, కాళ్లూ చేతులూ రూపు కట్టుకునేది చివరి నెలసరి నుంచి లెక్కేస్తే సుమారు 5 నుంచి 10 వారాల మధ్య. మూడో నెల నిండాక చెబుదామంటే ఆ గడువు అప్పటికే దాటిపోతుంది. చుట్టాలకు తరవాత చెప్పుకోవచ్చు. గైడ్‌కూ, ల్యాబ్ సేఫ్టీ చూసేవారికీ మాత్రం ఈ వారమే చెప్పండి.

ముందు మీ బెంచి మీదా, సాల్వెంట్ కబోర్డులోనూ ఉన్న ప్రతి సీసాకూ సేఫ్టీ డేటా షీట్ తీయండి. అందులో ప్రమాదాల కోడ్‌లు ఉండే రెండో సెక్షన్ చాలు. హెచ్360 ఉంటే గర్భస్థ శిశువుకు గానీ సంతాన శక్తికి గానీ హాని చేయగలదని, హెచ్361 అంటే చేస్తుందన్న అనుమానం ఉందని, హెచ్362 అంటే పాలు తాగే బిడ్డకు హాని అని. హెచ్340, 341 జన్యువులకు సంబంధించినవి, హెచ్350 క్యాన్సర్‌ది. హెచ్360, 340, 350 ఉన్నవాటి జోలికి ఇక వెళ్లొద్దు. మీ పనిలో తప్పకుండా తగిలే సాల్వెంట్లు డీఎంఎఫ్, ఎన్‌ఎంపీ. రెండూ హెచ్360 కిందికే వస్తాయి. టోలుయిన్ హెచ్361. డీసీఎంకు (డైక్లోరోమీథేన్) ఆ కోడ్ లేదు గదా అని వదిలేయకండి. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అది మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. మిథైల్ అయొడైడ్, డైమిథైల్ సల్ఫేట్, హైడ్రజీన్, ఆర్గానోటిన్‌లు, పాదరసం, సీసం లవణాలు పూర్తిగా ఇంకొకరి చేతికి అప్పగించాల్సినవే.

చాలామంది పొరబడేది గ్లోవ్స్ దగ్గర. పల్చటి నైట్రైల్ గ్లోవ్‌లోంచి డీసీఎం నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తుంది, డీఎంఎఫ్ కూడా ఎక్కువ సేపు ఆగదు. డీఎంఎఫ్‌కు బ్యూటైల్ రబ్బరు, డీసీఎంకు లామినేట్ రకం కావాలి. ఎన్-95 మాస్కు ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో గాలి వేగం సెకనుకు 0.4 నుంచి 0.5 మీటర్లు ఉండాలి. కొలిచిన తేదీ హుడ్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. ఏడాది దాటితే కొలిపించండి. హుడ్ బయట పెట్టిన రోటావాప్ (సాల్వెంట్‌ను ఆవిరి చేసే పరికరం), కాలమ్ ప్యాకింగ్, టీఎల్‌సీ ట్యాంకు, వేస్ట్ సాల్వెంట్ క్యాన్... ఆవిరి ఎక్కువ తగిలేది వీటి దగ్గరే. మీరు చేయకపోయినా పక్క బెంచిలో కాలమ్ నడుస్తుంటే ఆ గాలి మీరూ పీలుస్తారు. అందుకే మీ పని మారడంతో సరిపోదు, మీ కుర్చీ కూడా వేరే గదిలోకి మారాలి.

ఉస్మానియా_సీనియర్
ఫ్యూమ్‌హుడ్ గారి మాటకు చిన్న చేర్పు, బయాలజీ వాళ్ల కోసం. జెల్‌కు ఎథీడియం బ్రోమైడ్ బదులు సేఫ్ డై వాడండి. అక్రిలమైడ్ పొడి తూచొద్దు, తయారు ద్రావణం గానీ ప్రీకాస్ట్ జెల్ గానీ తెప్పించుకోండి. యానిమల్ హౌస్‌లో ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చే పని, పిల్లుల మలం ఉన్న చోట్లు వద్దు. రేడియో ఐసోటోపులతో పనుంటే గర్భం సంగతి రాతపూర్వకంగా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు (ఆర్‌ఎస్‌ఓ) తెలియజేయాలి. తెలియజేసిన నాటి నుంచి కాన్పు దాకా బిడ్డకు అందే డోసు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. చెప్పకపోతే ఆ పరిమితి మీకు వర్తింపజేసేవాళ్లు ఉండరు.

నిబంధనల_పుస్తకం
సెలవు, ఫెలోషిప్ విషయం నేను రాస్తాను. ఇక్కడ మూడు గడియారాలు వేర్వేరుగా తిరుగుతుంటాయి, కలిపి చూస్తే గందరగోళం.

మొదటిది డిగ్రీ గడువు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2, మహిళలకు ఆపైన ఇంకో 2. మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు పీహెచ్‌డీ మొత్తం మీద 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. "ఇవ్వవచ్చు" అని ఉంది కనుక అడక్కుండా రాదు, ఆర్డరు లేకుండా చెల్లదు. ఇప్పుడు 180 వాడితే తరవాతకు 60 మిగులుతాయి. బిడ్డకు ఏడాది నిండాక జ్వరాలు, టీకాలు, క్రెష్ అలవాటయ్యే రోజులు ఉంటాయి, కాబట్టి అంతా ఒకేసారి ఖర్చు పెట్టేయొద్దు.

రెండోది ఫెలోషిప్ కాలం. సీఎస్‌ఐఆర్‌లో జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి 5 ఏళ్లు. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ప్రసూతి సెలవు ఉంటుంది, ఆ కాలంలో ఫెలోషిప్ వస్తుంది. అయితే క్లెయిమ్ బిల్లుతో పాటు సెలవు మంజూరు కాపీ జతచేయకపోతే బిల్లు వెనక్కి వస్తుంది. మీ హాజరు పత్రంలో ఆ నెలలకు "ప్రసూతి సెలవు" అని స్పష్టంగా రాయించండి. ఖాళీగా వదిలితే గైర్హాజరుగా చదువుతారు.

మూడోది మీరు అడిగిన అప్‌గ్రెడేషన్. రెండేళ్లు నిండాక బయటి నిపుణుడు ఉన్న ముగ్గురు సభ్యుల కమిటీ మీ పని చూసి సిఫార్సు చేయాలి. జేఆర్‌ఎఫ్ ₹37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ ₹42,000, హెచ్‌ఆర్‌ఏ వేరు. రెండో ఏడు చివర్లో ఉన్నానన్నారు గనుక, ఈ సమావేశం మీ నాలుగో నుంచి ఆరో నెల మధ్య పెట్టించుకోండి. సెలవులోకి వెళ్లాక పెడదామంటే నెలకు ఐదు వేల తేడా నెలల తరబడి ఆగిపోతుంది. బకాయిలకు మళ్లీ వేరే ఉత్తరాలు రాయాలి.

ఇక వరుస. గైనకాలజిస్టు దగ్గర కాన్పు అంచనా తేదీతో సర్టిఫికెట్ తీసుకోండి. గైడ్ ద్వారా హెచ్‌ఓడీకి దరఖాస్తు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ప్రతి సెమిస్టర్‌కూ కూర్చోవాలి; ఆ సమావేశం మినిట్స్‌లో మీ సెలవు తేదీలు, తరువాతి ప్రోగ్రెస్ రిపోర్టు ఎప్పుడన్నది ఎక్కించండి. ఆ పైన రిజిస్ట్రార్ కార్యాలయం ఆర్డరు. ఆర్డరులో ఈ కాలాన్ని గరిష్ఠ వ్యవధిలో కలుపుతారా, మినహాయిస్తారా అన్నది ఒక వాక్యంగా ఉండాలి. లేకపోతే అప్పుడే ఇంకో ఉత్తరం రాసి రాయించుకోండి. ఐదేళ్ల తరవాత సీటులో ఎవరుంటారో ఎవరికి తెలుసు?

"నువ్వు రెస్ట్ తీసుకో, వీలైనప్పుడు రా" అన్న గైడ్ మాట ఎంత మంచి మనసుతో వచ్చినా కాగితం కాదు. ఎక్కువ మంది చిక్కుల్లో పడేది సరిగ్గా అక్కడే.

కాలమ్_క్రోమటోగ్రఫీ
చాలా థాంక్స్ అండీ. గైడ్ గారితో ఈ విషయం ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. మెయిల్ బాగుంటుందా?

ఉస్మానియా_సీనియర్
ముందు ఎదురుగా ఐదు నిమిషాలు చెప్పి, ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి. క్షమాపణ స్వరం వద్దు, తేదీలు ముఖ్యం. ఇలా ఉండొచ్చు:

"సర్, ఈ రోజు చెప్పినట్టు నేను గర్భవతిని, కాన్పు అంచనా తేదీ ఫలానా. జతచేసిన జాబితాలోని రసాయనాలతో పని ఈ రోజు నుంచి ఆపుతున్నాను. మిగిలిన రెండు సబ్‌స్ట్రేట్ల తయారీ ఎవరికి అప్పగించాలో సోమవారం లోపు చెప్పగలరు. ఎన్‌ఎంఆర్, మాస్ డేటా విశ్లేషణ, మొదటి పేపర్ డ్రాఫ్టు నేను చేస్తాను. అప్‌గ్రెడేషన్ కమిటీ ఫలానా నెలలో పెట్టాలని మనవి. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవుకు దరఖాస్తు జతచేశాను."

మీ రియాక్షన్లు ఇంకొకరు నడిపితే పేపర్‌లో వారి పేరు ఎక్కడ ఉంటుందో కూడా ఇప్పుడే మాట్లాడి మెయిల్‌లో పెట్టండి. సెలవు నుంచి వచ్చాక ఆథర్‌షిప్ గొడవ మొదలైతే అప్పటి నిద్రలేమిలో వాదించే ఓపిక ఉండదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి కాంపౌండ్‌కూ కోడ్, ఎంత మిగిలింది, ఏ ఫ్రిజ్‌లో ఏ అర అన్నది ఒక షీట్‌గా రాసి ఉంచండి. ఎఫ్‌ఐడీ ఫైళ్లు (ఎన్‌ఎంఆర్ ముడి డేటా) పరికరం పక్కనున్న కంప్యూటర్లో మాత్రమే ఉంటే కాపీ చేసుకోండి, అక్కడ డిస్కు నిండితే పాతవి తీసేస్తుంటారు.

ప్రసూతి_వార్డు
డాక్టరుగా రాస్తున్నాను. మీ వైద్యురాలి మాటే చివరిది. ఇది క్యాలెండర్ కోసం.

సెమినార్ వాయిదా పడుతుంది గానీ కొన్ని పరీక్షలు వాయిదా పడవు. బిడ్డకు జన్యు లోపాల ముప్పు ఉందేమో చూసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్త పరీక్ష 11 నుంచి 13 వారాల 6 రోజుల లోపే. ఆ కిటికీ మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు. బిడ్డ అవయవాలు చూసే టిఫ్ఫా స్కాన్ 18 నుంచి 20 వారాలకు. స్కాన్‌కు ఆధార్ తీసుకెళ్లండి, లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం-ఎఫ్ నింపాలి. షుగర్ పరీక్ష మొదటి విజిట్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల్లో మళ్లీ: 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్లలో, ఐదు పది నిమిషాల్లో తాగాలి, రెండు గంటలకు రక్తం. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాల మధుమేహం. ఆ రెండు గంటలూ ల్యాబ్‌కు వెళ్లి వస్తానంటే కుదరదు, కూర్చునే ఉండాలి. మీ బ్లడ్ గ్రూప్ నెగటివ్, ఆయనది పాజిటివ్ అయితే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ గురించి గుర్తు చేయండి. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఇంజెక్షన్లు రెండు, నెల తేడాతో. విజిట్లు 28 వారాల దాకా నెలకొకటి, 36 దాకా రెండు వారాలకొకటి, ఆ పైన వారం వారం.

ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు నడుస్తుండాలి. నాలుగో నెల నుంచి 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ఈ రెండింటికీ పొసగదు. కాల్షియం, టీ, కాఫీ, పాలు ఐరన్‌ను ఒంట పట్టనివ్వవు, కనీసం రెండు గంటల ఎడం కావాలి. ల్యాబ్‌కు వెళ్లేవాళ్లకు తేలికైన పద్ధతి: ఉదయం టిఫిన్‌తో కాల్షియం, పదకొండు గంటల టీ మానేసి నిమ్మరసంతో ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే మోతాదు మారుతుంది.

తిండి విషయంలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలు: రోజుకు అదనంగా 350 కేలరీలు, ప్రోటీన్ రెండో త్రైమాసికంలో 9.5 గ్రాములు, మూడో దాంట్లో 22 గ్రాములు ఎక్కువ. "ఇద్దరి కోసం తినడం" అంత అక్కర్లేదు, పప్పూ గుడ్డూ పెరుగూ పెరగాలి. వేవిళ్లకు ఖాళీ కడుపు శత్రువు: లేవగానే రెండు మరమరాల గుప్పెళ్లు, ఆపైన రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. బరువు 5 శాతం తగ్గినా, రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులోకి వచ్చినా ఆసుపత్రికి రండి.

వెంటనే రావలసినవి ఇంకొన్ని ఉన్నాయి: రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, వదలని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, బీపీ 140/90 దాటడం. 28 వారాల తరవాత బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే పక్కకు పడుకొని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

మల్కాజిగిరి_అత్తమ్మ
బిడ్డా, డాక్టరమ్మ చెప్పినయన్నీ నిజం. కాన్పు సంగతి నేను చెప్తా. మొదటి కాన్పు పుట్టింట్లనే చేసే ఆనవాయితీ మనది. ఖమ్మం పోవుడు తప్పు గాదు. గని ఎప్పుడు పోతున్నవ్ అన్నది జూడాలె. తొమ్మిదో నెల నిండినంక బస్సెక్కి సుమారు 200 కిలోమీటర్లు పోవద్దు. సీమంతం ఏడో నెలలనే చేసుకొని 32 నుంచి 34 వారాల నడుమ పోతే అక్కడి డాక్టరుకు నీ కేసు తెలుస్తది. నీ ఫైల్ మొత్తం, టిఫ్ఫా రిపోర్టు, బ్లడ్ గ్రూప్ కాగితం వెంట ఉండాలె. అక్కడ రాత్రిపూట ఆపరేషన్ జేసే మత్తు డాక్టర్ ఉంటడా, పసిపిల్లల ఐసీయూ ఉన్నదా అని ముందే అడిగి తెలుసుకో.

లేకుంటే అమ్మనే ఇక్కడికి రమ్మను. ఇద్దరు పెద్దలు ఒక్క వంటింట్లుంటే మాట పట్టింపులొస్తయి, అందుకని ఎవరు ఎన్ని రోజులు అన్నది ముందే తెంపుకోవాలె: మొదటి 40 రోజులు అమ్మ, ఆ తర్వాత అత్తమ్మ, అట్ల.

ప్రసూతి_వార్డు
అత్తమ్మ గారూ, 32–34 అన్నది సరిగ్గా చెప్పారు. పథ్యం విషయంలో మాత్రం ఒక మాట. బాలింతకు నీళ్లు తగ్గించడం, పప్పూ ఆకుకూరలూ మానిపించడం వద్దు. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, గర్భంలో కంటే ఎక్కువ. నీళ్లు తగ్గితే మలబద్ధకం, దాంతో కుట్ల నొప్పి. కాయం, వెల్లుల్లి కారం పెట్టండి, తప్పులేదు. వాటితో పాటు పప్పు, గుడ్డు కూడా పెట్టండి.

మల్కాజిగిరి_అత్తమ్మ
గట్లనే అమ్మా. నీళ్లు తగ్గియ్యద్దన్నది మా వాడకట్టుల గూడ చెప్తా.

గచ్చిబౌలి_టెకీ
భర్త చేయాల్సిన పనులు ఎవరూ రాయలేదు, అవి చిన్నవి కావు.

ముందు ఇన్సూరెన్స్. విడిగా కొనే పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు సాధారణంగా రెండేళ్లో అంతకు మించో వేచి ఉండాలి, కాబట్టి ఇప్పుడు కొత్తది కొని లాభం లేదు. దారి కంపెనీ గ్రూప్ పాలసీయే. చాలా కంపెనీల్లో పెళ్లయిన 30 రోజుల లోపు భార్య పేరు చేర్చాలి, ఆ గడువు దాటితే తదుపరి రెన్యువల్ దాకా ఆగాలి. చేరిందో లేదో ఈ-కార్డు డౌన్‌లోడ్ చేసి కళ్లారా చూసుకోండి. హెచ్‌ఆర్‌ను నాలుగు విషయాలు అడగాలి: మామూలు కాన్పుకు ఎంత, సిజేరియన్‌కు ఎంత, పుట్టిన మొదటి రోజు నుంచి బిడ్డకు కవర్ ఉందా, గది అద్దెకు పరిమితి ఎంత. ఆ చివరిది పట్టించుకోకుండా పెద్ద గది తీసుకుంటే అదే నిష్పత్తిలో బిల్లులో డాక్టరు ఫీజు లాంటి మిగతా ఖర్చులకూ కోత పెడతారు. ఖమ్మంలో కాన్పయితే ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో కూడా చూడాలి.

వివాహ నమోదు చేయించకపోతే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే చేయించుకోండి: శుభలేఖ, పెళ్లి ఫోటో, ఇద్దరి వయసు, చిరునామా పత్రాలు, ముగ్గురు సాక్షులు. తొమ్మిదో నెలలో ఆమెను ఆ వరుసలో నిలబెట్టకూడదు.

ప్రైవేటులో పితృత్వ సెలవు చట్టప్రకారం తప్పనిసరి కాదు, కంపెనీ ఇష్టం. ఎన్ని రోజులున్నా సగం కాన్పప్పుడు, సగం ఆమె తిరిగి ల్యాబ్‌కు వెళ్లే మొదటి వారంలో వాడండి. మీది హబ్సిగూడ గనుక ఇల్లు మారే అవసరం లేదు. నాగోల్–రాయదుర్గం మెట్రో ఒకే రైలు, హైటెక్ సిటీకి మారకుండా వెళ్లొచ్చు. ఇంటి నుంచి రాత్రిపూట అరగంటలో చేరే ఆసుపత్రి చూసుకోండి, పేరు కోసం ఊరికి ఆ చివరిది వద్దు.

జేఎన్‌టీయూ_ఎంటెక్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. పీహెచ్‌డీ కాదు, ఎంటెక్ అయితే? హాజరు 75 శాతం అంటారు కదా.

నిబంధనల_పుస్తకం
75 కంటే తగ్గితే 65 దాకా వైద్య కారణాలపై కండోనేషన్ (హాజరు కొరతకు మన్నింపు) ఉంటుంది, ఫీజు కట్టాలి. 65 కిందకు పోతే డిటెన్షన్. పీజీ, డిగ్రీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు, పరీక్ష ఫారాల గడువు పొడిగింపుపై నియమాలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబర్‌లో వీసీలకు లేఖ రాసింది. దాని కాపీ జతచేసి ప్రిన్సిపల్ ద్వారా దరఖాస్తు పెట్టండి. కాన్పు తేదీ సెమిస్టర్ నడుమ పడుతుంటే, డిటెయిన్ అయ్యేదాకా చూడకుండా ముందే అనుమతితో ఆ సెమిస్టర్ ఆపుకోవడం మేలు. థియరీ అయిపోయి ప్రాజెక్టు మాత్రమే మిగిలితే మీ పని చాలా సులువు.

ఉస్మానియా_సీనియర్
సమయం పంచుకోవడం గురించి నా అభిప్రాయం. మొదటి మూడు నెలల్లో నిద్ర, వాంతులు మీ చేతిలో ఉండవు. సాహిత్య సమీక్ష చాలు. 14 నుంచి 27 వారాలు ఒంట్లో ఓపిక ఉండే కాలం. అప్‌గ్రెడేషన్, ఒక పేపర్ సబ్మిషన్, థీసిస్ రెండో అధ్యాయం డ్రాఫ్టు మూడూ అందులో పట్టాలి. 28 తరవాత కూర్చుని చేసే పని: సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్, రిఫరెన్సులు, బొమ్మలు. ముప్పావుగంటకోసారి లేచి నడవాలి. 34 తరవాత ఏ గడువుకూ ఒప్పుకోవద్దు. పేపర్ రివ్యూ కామెంట్లు కాన్పు సమయానికే వస్తుంటాయి; జర్నల్ ఎడిటర్‌కు రెండు నెలల పొడిగింపు అడిగితే సాధారణంగా ఇస్తారు. కాన్పయ్యాక ఆరు వారాలు ఏమీ పెట్టుకోకండి, చదవడం కూడా.

ఇద్దరూ ఒకరి క్యాలెండర్ ఒకరు చూడగలిగేలా ఫోన్‌లో షేర్ చేసుకోండి. స్కాన్ ఉన్న రోజు ఆయనకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండకూడదు, ఆయన నైట్ డ్యూటీ మర్నాడు మీకు ప్రజెంటేషన్ ఉండకూడదు.

ప్రసూతి_వార్డు
తిరిగి వెళ్లే రోజుల కోసం. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఐస్ ప్యాకులున్న బాక్సులో 24 గంటల దాకా, ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ నాలుగు గంటలు లెక్కలోకి తీసుకోకండి, వెంటనే బాక్సులో పెట్టాలి. రసాయనాలుండే ఫ్రిజ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. డిపార్ట్‌మెంట్‌లో తలుపు గడియ పడే గది ఒకటి సెలవులోకి వెళ్లేముందే అడిగి పెట్టుకోండి. ల్యాబ్ కోటు ఇంటికి తేవద్దు, బిడ్డను ఎత్తుకునే ముందు బట్టలు మార్చండి. హెచ్362 కోడ్ పనికొచ్చేది అప్పుడే.

బిడ్డ టీకాలు 6, 10, 14 వారాలకు. ఆ మర్నాడు జ్వరం రావచ్చు, మీటింగ్ పెట్టుకోకండి. మీకూ ఆరు వారాలకు చెకప్, ఐరన్ ఇంకో 180 రోజులు. కాన్పు తరవాత రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, అది బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు తెలుగులో మాట్లాడొచ్చు. ఈ లక్షణాలు ఆయనకూ, అమ్మగారికీ ముందే చెప్పి ఉంచండి. చాలాసార్లు మొదట గమనించేది వాళ్లే.

కాలమ్_క్రోమటోగ్రఫీ
రేపు ఉదయమే గైడ్ గారిని కలుస్తున్నాను. డేటా షీట్లు పదహారు సీసాలకు తీశాను, ఏడు పక్కన పెట్టాల్సినవే. ఒక్క సందేహం: జనన నమోదు ఖమ్మంలోనా, హైదరాబాద్‌లోనా?

గచ్చిబౌలి_టెకీ
ఎక్కడ పుడితే అక్కడ. 21 రోజుల లోపు నమోదైతే ఫీజు ఉండదు. ఆసుపత్రిలో కాన్పయితే వాళ్లే పంపుతారు. డిశ్చార్జ్ అయ్యేముందు తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాశారా అని ఆ ఫారం చూసి సంతకం పెట్టండి. బిడ్డ పేరు అప్పటికి పెట్టకపోయినా ఇబ్బంది లేదు, తరవాత చేర్చవచ్చు.